గాలి వచ్చే పక్క

తూర్పారపట్టేటప్పుడు గాలి వచ్చే పక్కన నిలబడాలి. మా దివిసీమలో నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతి ఇది. చేటతో ధాన్యం ఎత్తి పోస్తుంటే గింజ కింద పడుతుంది, తాలూ పొట్టూ గాలితో అవతలికి పోతాయి. అవతల నిలబడ్డవాడికి కళ్ళలో, ముక్కులో, మెడ మీది చెమటలో నూగు పడి రెండు రోజులు ఒకటే దురద. అందుకని కళ్ళంలో మనుషుల కాళ్ళు వాటంతటవే గాలి వచ్చే పక్కకి నడుస్తాయి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు తెలియక అటు నిలబడితే అందరూ కలిసి నవ్వుతారు.

మా అమ్మ చనిపోయింది గాలి వచ్చే పక్కన నిలబడి. అక్కడికి రమ్మని పిలిచింది మా నాన్న.

ఉప్పెన వచ్చినప్పుడు నేను బందరులో ఉన్నాను. ఒక కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుని, ఈడేపల్లిలో అద్దె గది. అమ్మా నాన్నా అవనిగడ్డ దాటాక, సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఊళ్ళో ఉన్నారు. మా ఊళ్ళో డాబా ఉన్నది ఒక్క చర్చికే. దాని మీదికి ఎక్కగలిగినవాళ్ళు బతికారు. అమ్మా నాన్నా ఎక్కగలిగారు. నీళ్ళు తీశాక దిగి, కళ్ళెదుట కనిపించినవన్నీ చూసి కూడా, చేతిలో ఉన్న పని చేసుకుంటూ పోయారు. చచ్చిన గొడ్లను ఈడ్చి పూడ్చారు. తడిసిన ధాన్యం ఆరబోశారు. రోడ్లన్నీ తెగిపోవడంతో నేను వెళ్ళడానికి దారి లేదు. వాళ్ళు బతికే ఉన్నారన్న కబురు మాత్రం ఎవరో చేరవేశారు. ఆ కబురు విని నేను కడుపునిండా అన్నం తిన్నాను.

తర్వాత ఒక ఉదయం మందులు వేసుకుని హెలికాప్టరు వచ్చింది. చర్చి పక్కన బీడులో దిగబోయింది. గాలి ఓ మోస్తరుగా ఉంది. జనం పరిగెత్తుకుంటూ వచ్చి చుట్టూ మూగారు. అమ్మ కొందరు ఆడవాళ్ళతో కలిసి అవతలి పక్కన ఉంది. రెక్కల గాలికి గడ్డీ గాదం లేచి వాళ్ళ మొహాల మీద పడుతున్నాయి. నాన్న ఇవతల, గాలి వచ్చే పక్కన ఉన్నాడు. ఆయన చెయ్యి ఊపి అమ్మను పిలిచాడు. అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చి ఆయన పక్కన నిలబడింది. గోడౌను కప్పు నుంచి ఊడిపడ్డ ఇనప రేకు ఒకటి వాళ్ళ ఎదురుగా నేల మీద పడి ఉంది. హెలికాప్టరు కిందికి దిగేసరికి ఆ రేకు లేచింది. అందరూ అనుకున్నట్టు గాలివాటున అవతలికి పోలేదు. గాలికి ఎదురుగా లేచి వీళ్ళ మీదికే వచ్చింది. దాని అంచు అమ్మ మెడకు తగిలింది.

అదే హెలికాప్టరులో అమ్మను బందరు ఆసుపత్రికి తీసుకొచ్చారు. అమ్మ జీవితంలో ఎక్కిన ఒకే ఒక్క విమానం అది. నేను వెళ్ళేసరికి నాన్న వరండాలో నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "నేనే పిలిచానమ్మా," అన్నాడు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. 

మా డిపార్టుమెంటులో పెద్ద మాస్టారు ఒకాయన ఉండేవారు. ఉబ్బసం మనిషి. రిటైర్మెంటు దగ్గరపడినా ఊరుకునే రకం కాదు. కుర్రతనంలో ఎప్పుడో పెద్ద ఊళ్ళో విమానాల మీద పరిశోధనలు చేసేచోట కొన్నాళ్ళు పనిచేసి, ఒంటికి పడక వెనక్కి వచ్చేశారు. ఉప్పెన తర్వాత ఆయన కాలేజీ పిల్లల్ని వెంటేసుకుని దివిసీమలో సాయానికి తిరిగారు. హెలికాప్టరు దిగినప్పుడల్లా కొత్తగా కట్టిన టార్పాలిన్లు, పాకలు లేచిపోవడం కళ్ళారా చూశారు. అమ్మ సంగతి ఆయనకు తెలుసు. నాన్న పిలిచిన సంగతి తెలియదు. అది నేనెవరికీ చెప్పలేదు.

"ఆ గాలి ఎటు పోతుందో ఎవరికీ తెలీదమ్మా. ఎగిరేవాళ్ళకి పైన సంగతి తెలుసు. కింద నిలబడేవాడి సంగతి ఎవడికి కావాలి? మనం చూద్దాం," అన్నారు మాస్టారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాదా మాస్టారూ అన్నాను.

"ఆకులు పట్టుకుంటే ఇంకోసారికి పనికొస్తాయిగా," అన్నారాయన.

అలా మొదలైంది. డిపార్టుమెంటు వెనక పాత సామాన్ల గదిలో విండ్ టన్నెల్ ఒకటి కట్టాం. పేరు గొప్ప, ఊరు దిబ్బ. అది మంచమంత పొడుగున్న ప్లైవుడ్ పెట్టె, ఒక పక్క గాజు పలక. అందులోంచి సమంగా గాలి పోవాలి, ఆ గాలిలో చిన్న హెలికాప్టరు రెక్కలు తిరగాలి, వాటి కింద గాలి ఏం చేస్తుందో పొగలో కనబడాలి. అంతే.

గాలికి పంకా కావాలి. గాలి పడిపోయిన రోజుల్లో కళ్ళంలో చేత్తో తిప్పే పెద్ద ఇనప పంకా ఉంటుంది చూడండి, అదొకటి గుడివాడలో పాత మిల్లు సామాను అమ్మే కొట్లో దొరికింది. నేరుగా బందరు వచ్చే బస్సు తప్పిపోయి పామర్రు మీదుగా వచ్చాం. దాన్ని బస్సు మీదికి ఎక్కించేటప్పుడు కండక్టరు, "ఏంటండీ మాస్టారూ, బందర్లో కళ్ళం ఎక్కడ పెట్టారు?" అన్నాడు. పామర్రులో దింపి, ఇంకో బస్సెక్కించే సరికి మాస్టారికి ఆయాసం పట్టుకుంది. సోడా కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, ఆయన ఊపిరి నిలకడగా అందేదాకా ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఈయనకెందుకీ బాధ అనిపించింది, నాకు మాత్రం ఎందుకని కూడా అనిపించింది.

రెక్కల కోసం పెడన వెళ్ళాం. అక్కడ కలంకారీ అచ్చులు చెక్కే సాయిబు గారొకాయన టేకుతో జానెడేసి రెక్కలు నున్నగా చెక్కి ఇచ్చారు. ఇవి హెలికాప్టరు రెక్కలంటే, "ఎగురుద్దాండీ?" అని అడిగారు.

"ఎగరదండీ, అక్కడే తిరుగుతుంది," అన్నాను.

"మరెందుకండీ?" అన్నారు. రెక్కలు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

పంకాకి, రెక్కలకి చెరో మోటారు బిగించాం. పొగకి సాంబ్రాణి వాడాం. ప్రిన్సిపాల్ గారు వాసన పట్టుకుంటూ వచ్చి, "ల్యాబులో పూజలేంటమ్మా, మీరు క్రైస్తవులు కదా?" అన్నారు. గాజులోంచి చూపిస్తే ఒక్క నిమిషం చూసి, కరెంటు ఎక్కువ కాల్చవద్దని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ వర్షాకాలమంతా క్లాసులయ్యాక సాయంత్రాలు, ఆదివారాలు ఆ గదిలోనే. మాస్టారు రెక్కల వేగం చూసేవారు, నేను పొగ గొట్టం పట్టుకుని చూసినది బొమ్మ వేసేదాన్ని. సుడులు బ్రహ్మాండంగా కనబడేవి. పెట్టె నిండా సుడులే. మాకు తెగ సంతోషం. ఒకరోజు రెక్కల మోటారు కాలిపోయి అవి ఆగిపోయాయి. పొగ మాత్రం ఎప్పటిలాగే సుడులు తిరుగుతూనే ఉంది. మాస్టారు వంగి చూసి, పంకా వైపు తిరిగారు.

తప్పు ఏమిటంటే, పంకాను మేం పెట్టెకు ముందు పెట్టాం, గాలి లోపలికి కొట్టేలాగా. అలాంటి పంకా గాలిని తిన్నగా పంపదు, మెలితిప్పి పంపుతుంది. మేం చూసినవన్నీ పంకా సుడులు. గాలిని వెనక నుంచి లాగించాలని మాస్టారికి తెలియక కాదు, పెద్ద ఊళ్ళో చూసిన టన్నెళ్ళన్నీ అలాంటివే. కాని తూర్పార పంకా అనేసరికి కృష్ణా జిల్లావాడెవడైనా దాన్ని ముందే పెడతాడు. దాని ఎదుట చేట పట్టుకుని నిలబడడం పుట్టుకతో వచ్చిన అలవాటు. వెనక పెట్టే ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

వేసిన బొమ్మలన్నీ పక్కన పడేశాను. "మొదట్నించీ చేద్దాం," అన్నారు మాస్టారు దగ్గుతూ. నాకు ఒళ్ళు మండింది. ఆ మాటకి కాదు, ఆయన అంత నెమ్మదిగా అన్నందుకు.

పంకాను వెనక్కి మార్చాం. పెట్టె మూతి దగ్గర కూల్‌డ్రింకు తాగే కాగితపు గొట్టాలు కట్టలు కట్టి బిగించాం, లోపలికి వచ్చే గాలి తిన్నగా రావడానికి. ఈసారి పొగ గీత గీసినట్టు వచ్చింది. రెక్కలు తిప్పితే అసలు సుడులు కనబడ్డాయి. తిరిగే రెక్క చివర, కింద ఒత్తిడిగా ఉన్న గాలి పైకి పొర్లుతుంది. ఆ పొర్లడమే సుడి. రెక్క ముందుకు పోతుంది కాని సుడి గాలిలోనే ఉండిపోయి కిందికి దిగుతుంది. అంతలో రెండో రెక్క వచ్చి తన సుడి తను వదులుతుంది. ఒకదాని కింద ఒకటి, జంతిక చుట్టల్లాగా కిందికి దిగుతూ ఉంటాయి. చూడడానికి అందంగా ఉండేది, అబద్ధమెందుకు. అమ్మ గుర్తు రాకుండా అలాగే చూస్తూ కూర్చున్న సాయంత్రాలు కూడా ఉన్నాయి.

కోతల రోజుల్లో రెక్కల కింద ఒక చెక్క పెట్టాం, నేల బదులు. దాని మీద తవుడు పలచగా చల్లాం, దుమ్ము బదులు. టన్నెల్‌లో గాలి లేకుండా రెక్కలు తిప్పితే తవుడు చుట్టూ సమంగా చెదిరిపోయేది. గాలి గట్టిగా పెడితే అంతా వెనక్కి కొట్టుకుపోయేది. ఆ రెంటికీ మధ్య, గాలి ఓ మోస్తరుగా ఉన్నప్పుడు, వేరే సంగతి జరిగింది.

రెక్కల గాలి కిందికి దిగి, నేలకు కొట్టుకుని, అన్ని వైపులకీ పరిగెత్తింది. గాలి వచ్చే పక్కకి పరిగెత్తిన భాగానికి ఎదురుగాలి అడ్డం పడింది. రెండూ ఢీకొన్నచోట ముందుకు పోలేక, నేలమీద నుంచి పైకి లేచి, చాప చుట్టినట్టు చుట్టుకుంది. ఆ చుట్ట అక్కడే నిలబడి గుండ్రంగా తిరుగుతూ తవుడునంతా ఎత్తి పోస్తోంది. వెనక పక్కా, అటూ ఇటూ కొంచెం దూరంలో, అంత కల్లోలం లేదు. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చిన్న ముక్క చేసి మాస్టారు ఆ చుట్ట దగ్గర పెట్టారు. అది నిట్టనిలువుగా లేచి గాలి వచ్చే వైపుకే ఎగిరి పడింది.

"చూశావామ్మా! మనవాళ్ళంతా సరిగ్గా ఇక్కడే నిలబడతారు. ఎందుకని?" అన్నారు మాస్టారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

ఎందుకో నాకు తెలుసు. కళ్ళంలో అలవాటు. తూర్పారపట్టడానికి పనికొచ్చే పాటి గాలి ఉంటే చాలు, ఆ చుట్ట సిద్ధం. ఆ గాలి మొహానికి తగలగానే మావాళ్ళ కాళ్ళు ఎటు నడుస్తాయో, అక్కడే అది లేస్తుంది. వేరే ఊరివాడైతే ఎక్కడో ఒకచోట నిలబడేవాడు. నాన్న తనకు తెలిసిన మంచి చోటుకి అమ్మను పిలిచాడు.

తలనొప్పిగా ఉందని చెప్పి గదికి వెళ్ళిపోయాను. నిజంగానే తలనొప్పి వచ్చింది.

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఊరికి వెళ్ళలేదు. అంతకుముందు వెళ్ళినప్పుడల్లా నాన్న, "ఆ గాలిపెట్టెలో ఏవన్నా తేలిందా?" అని అడిగేవాడు. రేకు అటు పోకుండా ఇటెందుకు వచ్చిందన్నదే ఆయన బాధ అని నాకు తెలుసు. ఆ రోజు గాలి ఒక్కసారిగా తిరిగిందని, లేకపోతే ఎగిరేవాడు ఏదో పొరపాటు చేశాడని, అలాంటిదేదో నా నోట వినాలని ఆయన ఆశ. అప్పుడు ఆయన పిలవడంలో తప్పు లేనట్టే కదా. ఇప్పుడు నా దగ్గర జవాబు ఉంది, అది చెప్పేది కాదు. చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. అనుకున్నాక ఆయన ఎదుటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. పరీక్షలని, జలుబని, బస్సులు లేవని వచ్చేపోయే వాళ్ళతో కబురు పంపేదాన్ని. మనిషి అలసిపోతే అబద్ధాలు కూడా చప్పగానే వస్తాయి.

మాస్టారు మాత్రం ఊరుకోలేదు. ఆఫీసులకు వెళ్ళి చెప్పారు. ఒకచోట టీ ఇచ్చారు, ఒకచోట రేపు రమ్మన్నారు. మా మాటలు దున్నపోతు మీద వాన అయ్యాక ఆయన వేరే దారి పట్టారు. నిలబడేది రైతులు కాబట్టి రైతులకే చూపిస్తే సరిపోతుంది కదా అన్నారు. మా ఊరి పాస్టరు గారికి కబురు పంపారు, ఓ నలుగురు పెద్దల్ని తీసుకుని రమ్మని. నాకు చెప్పింది వాళ్ళు బయల్దేరిన రోజు పొద్దున. "మీ నాన్నగారు కూడా వస్తున్నారమ్మా," అన్నారు సంతోషంగా.

నేను గదిలోకి పోయి పంకా వైరు పీకేద్దామా అని కూడా అనుకున్నాను. పీకలేదు. మాస్టారి ఆయాసం గుర్తొచ్చింది.

నాన్న ఉతికిన పంచె కట్టుకుని, భుజాన తుండుగుడ్డతో వచ్చాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి తల ఊపాడంతే. మాస్టారు పొగ పెట్టి, రెక్కలు తిప్పి, ఏది నేల, ఏది దుమ్ము, గాలి ఎటు నుంచి వస్తోంది అని అంతా విడమరిచి చెప్పారు. మిగతావాళ్ళు గాజుకు మొహాలు ఆనించి, "అబ్బో, భలే ఉందండీ," అనుకుంటున్నారు. చుట్ట లేచినప్పుడు పాస్టరు గారు, "ఇదేంటండీ, ఎదురు లేస్తోంది?" అన్నారు.

నాన్న తుండుగుడ్డతో గాజు తుడిచాడు. "మళ్ళీ ఒకసారి తిప్పండి మాస్టారూ," అన్నాడు. తిప్పారు.

"గాలి కొంచెం తగ్గించండి. ఆ రోజు ఇంత లేదు," అన్నాడు నాన్న.

నేనే తగ్గించాను. ఆయన చాలన్నప్పుడు ఆపాను. చుట్ట కొంచెం ముందుకు జరిగి, ఇంకా పెద్దదై తిరుగుతోంది. రెక్కలు ఆపమని, పెట్టె మూత తీయమని అడిగాడు. వెండి కాగితం ముక్కను తన వేలితో జరిపి, ఇంకొంచెం జరిపి, ఒకచోట వదిలాడు. దాని ముందు కొంచెం దూరంలో చెక్క మీద తవుట్లో వేలితో రెండు చుక్కలు పెట్టాడు, పక్కపక్కన. అప్పుడు మాస్టారికి అర్థమైంది. నా వైపు చూశారు. నేను నేల చూశాను.

రెక్కలు తిరిగాయి. కాగితం లేచి ఆ చుక్కల మీద పడింది.

"ఆఁ," అన్నాడు నాన్న. అంతే.

మాస్టారు నెమ్మదిగా, "తెలిసి చేసింది కాదు కదండీ. మీ చోట నేనున్నా అక్కడే నిలబడేవాణ్ణి," అన్నారు.

"అది సరేనండీ. మరి మనిషి ఎక్కడ నిలబడాలి?" అని అడిగాడు నాన్న.

"గాలికి అడ్డంగా పక్కకి వెళ్ళాలండీ. వీలైనంత దూరంగా ఉండాలి. ఎదురుగా మాత్రం వద్దు. ముందుగా రేకులు, కర్రలు అన్నీ ఏరేయాలి."

నాన్న ఆ మాటలు తనలో తను రెండుసార్లు అనుకున్నాడు, బజారు సామాను గుర్తుపెట్టుకునేవాడిలాగా.

బస్‌స్టాండుకు ఇద్దరం నడిచాం. పాస్టరు గారి వాళ్ళు ముందు పోయారు. కోనేరు సెంటరు దాటాం.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"కోతలప్పుడు నాన్నా."

"అందుకేనా ఇంటికి రాలా?"

"ఊఁ."

"ఒక్కదానివే మోస్తా కూచున్నావా ఇన్నాళ్ళూ?" అన్నాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు. "అన్నం తింటున్నావా సరిగ్గా?" అని అడిగాడు. నాకు రోడ్డు మీదే ఏడుపు ఆగలేదు. తుండుగుడ్డ తీసి ఇచ్చాడు.

తెలియకపోతే బాగుండేదా నాన్నా అని అడిగాను. ఆయన ఆలోచించాడు. "తెలీనప్పుడు ఎందుకా, ఎందుకా అని అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకునే పని లేదు. అంతే తేడా," అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కి కూర్చున్నాడు. కిటికీలోంచి, "వచ్చే ఆదివారం రా," అన్నాడు.

వెళ్ళాను. ఆ ఆదివారమూ, ఆ తర్వాతవీ. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి మోపిదేవి యాత్రికులతో కిక్కిరిసిన బస్సుల్లో నిలబడి వెళ్ళి వచ్చేదాన్ని. నాన్న మామూలుగానే ఉండేవాడు. పొలం పని, చర్చి, నిద్ర. ఆయన ఏదైనా అంటే బాగుండేది. ఏమీ అనని మనిషి పక్కన కూర్చోవడం కంటే అలసట ఇంకోటి లేదు.

ఆ ఎండాకాలంలోనే మళ్ళీ తుపాను అన్నారు. ఈసారి అందరూ ముందే భయపడ్డారు. ఊళ్ళు ఖాళీ చేయించారు. కాలేజీకి సెలవులు కాబట్టి నేనూ నాన్న వెంటే ఉన్నాను, ఆయన్ని కనిపెట్టుకుని. తుపాను మా మీదికి రాకుండా దక్షిణంగా పోయింది, అందరం ఊరికి తిరిగొచ్చాం. కాని వానకు రోడ్డు తెగింది, ఊళ్ళో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. మందులతో హెలికాప్టరు వస్తుందని కబురు వచ్చింది.

చర్చి పక్కన బీడులోనే దిగుతుందన్నారు. పొద్దున లేచి చూస్తే నాన్న మంచం మీద లేడు. నేను వెళ్ళేసరికి బీడు ఊడ్చినట్టు ఉంది. రేకుముక్కలు, తాటి కమ్మలు, విరిగిన వాసాలు అన్నీ చర్చి గోడ వెనక కుప్పగా పడి ఉన్నాయి. నాన్న ఒంటి మీద బనీను చెమటకి తడిసి అంటుకుపోయింది. చేతిలో కర్ర పట్టుకుని బీడు ఒక చివర నిలబడి ఉన్నాడు. గాలి ఎటు నుంచి వస్తోందో నేను చూడనక్కర్లేకపోయింది. అది తూర్పారపట్టే గాలి. ఆయన నిలబడ్డది గాలి వచ్చే పక్కన.

హెలికాప్టరు చప్పుడు వినబడగానే జనం వచ్చారు. వచ్చి, ఆలోచించకుండా, నాన్న ఉన్న పక్కకే నడిచారు. ఆయన చేతులు అడ్డం పెట్టాడు. "ఇటు కాదండీ, పక్కకి పొండి. అటు, చింతచెట్టు వైపు," అన్నాడు. గాలిపెట్టె చూసి వచ్చిన పెద్దలు కూడా ఇటే వస్తున్నారు. ఒకాయన, "అటు దుమ్ము కొడతది బావా, ఇదే మంచి చోటు," అన్నాడు. నాన్న కర్ర ఎత్తాడు. నేను పుట్టాక ఆయన మనిషి మీద కర్ర ఎత్తడం అదే మొదటిసారి. ఒక ముసలావిడ తిట్టింది. కుర్రాళ్ళు నవ్వారు. ఆయన అందర్నీ గొడ్లను తోలినట్టు తోలాడు. నేను కూడా కొందరి చేతులు పట్టుకుని పక్కకి లాగాను. వెనక్కి తిరిగి చూస్తే అంత చోటులో ఆయనొక్కడే ఉన్నాడు.

హెలికాప్టరు బీడు పైకి వచ్చేసింది. నేను పరిగెత్తాను.

"నాన్నా, నువ్వు కూడా రా."

"ఖాళీగా వదిలేస్తే మళ్ళీ వచ్చేస్తారమ్మా. ఒక మనిషి ఉండాలి ఇక్కడ. నువ్వెళ్ళు," అన్నాడు.

నేను వెళ్ళలేదు. ఆయన నా భుజం పట్టుకుని నెట్టాడు, అయినా కదల్లేదు. రెక్కల గాలి నేలకు కొట్టుకుని మా వైపు వచ్చింది. గాజు పలక ఇవతల కూర్చుని కోతలప్పటి నుంచీ చూసినది ఇప్పుడు మనిషెత్తు లేచి మా ఇద్దరి మీదికి చుట్టుకుంటూ వచ్చింది. మట్టి, ఇసక, ఎండుగడ్డి తప్ప అందులో ఏమీ లేవు. ఉండకుండా ఆయన ఏరేశాడు. అయినా నాకు ప్రాణం పోయినంత భయం వేసింది. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అమ్మ కూడా ఇలాగే పట్టుకుని ఉంటుంది.

హెలికాప్టరు దిగింది, మందుల పెట్టెలు దించారు, మళ్ళీ లేచి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. జనం పెట్టెల చుట్టూ మూగారు. తిట్టిన ముసలావిడ నాన్న వైపు చూసి ఇంకోసారి తిట్టి, మెటికలు విరిచింది.

నాన్న అక్కడే నేల మీద కూర్చున్నాడు. కనుబొమ్మల నిండా మట్టి. కర్ర పక్కన పెట్టి, ఊపిరి తీసుకుని, జనం వైపు చూస్తూ అన్నాడు.

"ఇంతమందిని పిలిచాను, ఒక్కళ్ళూ వినలేదు. కర్ర ఎత్తితే గాని కదల్లేదు. మీ అమ్మ మాత్రం ఒక్క పిలుపుకే వచ్చేసింది."